తాతగారి వెబ్లీ పిస్టల్ మొరాయిస్తోంది, విప్పి చూడమంటారా?

విప్పొద్దు. లేత్ మిషన్ ఆయన చేతికీ ఇవ్వొద్దు. చించినాడ వంతెన దాటి నా దగ్గరికి కూడా తేవొద్దు. ఎందుకో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. మీ తాతగారి .32 వెబ్లీ అండ్ స్కాట్ ఆటోమేటిక్ పిస్టల్. ఆయన పోయి పద్నాలుగు నెలలు. లైసెన్సు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. రాజోలు దగ్గర మీ ఇంట్లో ఇనప్పెట్టెలో, తోలు సంచిలో, కొబ్బరినూనె గుడ్డ చుట్టి ఉంది. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగితే సగం వరకే వస్తోంది, గట్టిగా లాగితే పూర్తిగా వస్తోంది, వదిలితే ఈడ్చుకుంటూ ముందుకి పోతోంది. ఒక్కోసారి స్లైడ్ మూసుకోగానే మీరు ట్రిగ్గర్ ముట్టుకోకుండానే హామర్ (వెనక ఉండే చిన్న సుత్తి) టక్కున పడుతోంది. మ్యాగజైన్ (పిడిలో తూటాలు పెట్టే డబ్బా) నిలవడం లేదు, జారిపోతోంది. పాత తూటాలు పదకొండు ఉన్నాయి, పచ్చగా చిలుము పట్టాయి. 1986 వరదలో ఆ పెట్టె రెండ్రోజులు నీళ్ళలో ఉందని నాయనమ్మగారు చెప్పారు. ఊళ్ళో లేత్ ఆయన కొత్త స్ప్రింగ్ చుట్టేసి, పాలిష్ పెట్టి మూడు వేలకి ఇస్తానన్నాడు.

నా సంగతి ఒక్క ముక్క. మాది మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. ఇంటికొకరైనా మిలిటరీలో పని చేసిన ఊరు అని మీరూ వినే ఉంటారు. నేను ఆర్మీలో యంత్రాలు, ఆయుధాలు బాగు చేసే విభాగం ఈ.ఎం.ఈ.లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మెకానిక్‌గా ఇరవై రెండేళ్ళు చేశాను. రైఫిళ్ళు, స్టెన్‌గన్లు, ఆఫీసర్ల సొంత పిస్టళ్ళు చాలానే చేతుల మీదుగా పోయాయి. రిటైరయ్యాక పాలకొల్లులో ఉంటున్నాను. ఇప్పుడు ఆయుధాలు బాగు చెయ్యను, చెయ్యకూడదు కూడా. ఆయుధం రిపేరు చెయ్యాలంటే ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద విడిగా లైసెన్సు ఉండాలి. ఆర్మీలో ఎన్నేళ్ళు చేశామన్నది దానికి పనికిరాదు. పైగా మీ పేర లైసెన్సు లేని పిస్టల్‌ని స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి వచ్చారనుకోండి, వంతెన మీద చెకింగ్‌లో దొరికితే అది తాతగారి గుర్తు కాదు, లైసెన్సు లేని ఆయుధం.

కాబట్టి ముందు కాయితం సంగతి. మెకానికల్ ప్రశ్న అడిగితే ఈయన చట్టం చెబుతున్నాడేంటి అనుకోకండి. మీ విషయంలో రెండూ విడదీయడానికి లేదు, ఎందుకంటే కాయితం లేకుండా గన్‌స్మిత్ (లైసెన్సుతో తుపాకులు బాగు చేసేవాడు) దాన్ని ముట్టుకోడు. ముట్టుకుంటానన్నవాడి దగ్గరికి మీరు వెళ్ళకూడదు.

లైసెన్సుదారు చనిపోయిన రోజు నుంచి ఆ పిస్టల్ ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. సెక్షన్ 21 ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాలి. పద్నాలుగు నెలలైపోయింది, ఇప్పుడెళ్తే కేసు పెడతారేమోనని మీకు టెన్షన్ ఉంటుంది. ఇంకా ఆలస్యం చేస్తే అది పెరిగేదే కానీ తగ్గేది కాదు. పిస్టల్ కదపకుండా ముందు తెలిసిన వకీలుతో మాట్లాడండి. తాతగారి పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళి విషయం చెప్పి, ఎలా తెమ్మంటారో అడిగి, ఆ ప్రకారం అప్పగించండి. రసీదు తీసుకోండి. ఆ రసీదులో పిస్టల్ నంబరు, తూటాల లెక్క రెండూ ఉండాలి.

తర్వాత వారసుడిగా మీ పేర లైసెన్సుకి దరఖాస్తు. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన ఇందుకోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుడికి ఇవ్వవచ్చు. ఆయన బతికుండగానే 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు తను చెప్పిన వారసుడికి ఇవ్వవచ్చు. ఇంట్లో పెద్దాయన దగ్గర తుపాకీ ఉన్నవాళ్ళు ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే పని కానిచ్చుకోవచ్చు. మీకైతే బాబాయిలు, మేనత్తల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకోవాల్సి వస్తుంది. పొలం తగాదా ఏదన్నా నడుస్తుంటే ముందు అది సర్దుకోండి, పిస్టల్ మధ్యలోకొస్తే మేనత్త కూడా మొండికేస్తుంది. ఇంకోటి, 2019 సవరణ తర్వాత ఒకరి పేర రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా సరే అంతే. తాతగారి నాటి ఫైలు కాకినాడ కలెక్టరేట్‌లో తూర్పు గోదావరి పేరు మీద ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా వచ్చాక మీరు దరఖాస్తు పెట్టాల్సింది అమలాపురంలో. పాత పుస్తకంలో యు.ఐ.ఎన్., అంటే లైసెన్సుకి ఇచ్చే గుర్తింపు నంబరు పడిందో లేదో చూసుకోండి. లేకపోతే పాత ఫైలు వెతికించే పని ముందు మొదలుపెట్టాలి.

"పని చెయ్యని పిస్టలే కదా, దానికి లైసెన్సెందుకు" అని మీ బావగారు అన్నారని రాశారు. చాలామంది అనేమాటే. చట్టం మినహాయింపు ఇచ్చింది నిజమే, సెక్షన్ 45లో. కానీ అక్కడ ఉన్నది రిపేరు చేసినా, చెయ్యకపోయినా పేల్చడానికి పనికిరానిదాని గురించి. మీది శుభ్రం చేస్తే పేలే పిస్టల్. బావగారి మాట చెల్లదు.

ఇప్పుడు పిస్టల్ దగ్గరికొద్దాం. స్టేషన్‌కి వెళ్ళేలోపు మళ్ళీ మళ్ళీ స్లైడ్ లాగి చూడటం ఇవాళ్టి నుంచి మానెయ్యండి. మ్యాగజైన్ తీసేశాం కాబట్టి ఖాళీ అనుకోవద్దు. ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గదిలో) ఒక తూటా ఉంటే మ్యాగజైన్ బయట ఉన్నా అది పేలుతుంది. మీరు స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి ఛాంబర్ కళ్ళతో చూశానని రాశారు, లోపల ఏమీ లేదన్నారు. మంచిది, అలాగే ఉంచండి. అప్పగించేటప్పుడు కూడా ఇందులో ఈ లోపం ఉంది, స్లైడ్ మూస్తే హామర్ పడుతోంది అని అక్కడున్నవాళ్ళకి నోటితో చెప్పండి, కాయితం మీద కూడా రాయించండి. తెలియక ఎవరో తూటా పెట్టి చూస్తే ప్రాణం మీదకొస్తుంది.

మీ పిస్టల్ 1908 మోడల్ అయి ఉంటుంది. బర్మింగ్‌హామ్ కంపెనీ, 1940 దాకా చేసింది. 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఈ .32 పిస్టల్‌నే తీసుకున్నారు. అంటే ఎంత కొత్తదనుకున్నా ఎనభై ఏళ్ళు దాటింది. బారెల్ దగ్గర కిరీటం గుర్తు, దాని కింద అక్షరాలు ఉంటాయి, అవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. అక్కడ ఎక్కువ మందు వేసిన తూటాతో పేల్చి, పగల్లేదని చూసి కొట్టిన ముద్ర అది. అయితే ఆ పరీక్ష ఆ రోజు ఉన్న ఇనుముకి. ఎనభై ఏళ్ళు ఉప్పుగాలి తిన్న ఇనుముకి కాదు.

ఈ మోడల్‌లో ఒక తమాషా ఉంది, మీ స్లైడ్ సమస్యకి మూలం అక్కడే అని నా అనుమానం. చాలా పిస్టళ్ళలో స్లైడ్‌ని ముందుకి తోసే రికాయిల్ స్ప్రింగ్ బారెల్ కిందో, చుట్టూనో చుట్టలా ఉంటుంది. వెబ్లీలో అలా కాదు. పిడికి కుడివైపున్న నల్లటి బిళ్ళ కింద, పాత తాళాల్లో ఉండే రేకు స్ప్రింగ్ లాంటిది, వి ఆకారంలో వంచినది ఉంటుంది. అది ఒక చిన్న మీటని నొక్కుతుంది, మీట స్లైడ్‌ని తోస్తుంది. ఆ బిళ్ళకీ ఇనుముకీ మధ్య సందు ఉంటుంది. చెమట, నీళ్ళు, మట్టి ఏది దిగినా ముందు అక్కడికే చేరుతుంది. మనిషి చేతి చెమట పట్టేదీ అక్కడే.

మీ పెట్టె 1986 ఆగస్టు వరదలో మునిగిందన్నారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చిన వరద అది. గోదావరి వరద ఇంట్లోంచి తగ్గిపోయాక గోడల మీద, బీరువా అరల్లో మిగిలే ఒండ్రు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చేత్తో పట్టుకుంటే పిండిలా మెత్తగా ఉంటుంది, ఆరితే పెచ్చులా అంటుకుంటుంది. ఆ ఒండ్రు మీద కొబ్బరినూనె పడితే నూరుడు పేస్టు తయారైనట్టే. అరుగుదల పుట్టించేది ఆ పేస్టే. పైకి గుడ్డతో తుడిస్తే పిస్టల్ తళతళలాడుతుంది, లోపల బిళ్ళ కింద అలాగే ఉండిపోతుంది.

ఇక కొబ్బరినూనె. మన కోనసీమలో ప్రతిదానికీ అదే కదా, తలకీ, తాళానికీ, తలుపు బందుకీ. పిస్టల్‌కి మాత్రం అది మందు కాదు. డిసెంబరు చలికి సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టడం చూస్తూనే ఉంటారు. ఇరవై నాలుగు డిగ్రీల కిందకి దిగితే చాలు. సీసాలో గడ్డకట్టింది పిస్టల్‌లో కట్టదా? చలికాలంలో స్లైడ్ ఎక్కువ మొరాయిస్తోంది, ఎండాకాలంలో కొంచెం నయం అని మీరే రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైంది. స్ప్రింగ్ విరిగితే మాఘంలోనూ విరిగే ఉంటుంది, వైశాఖంలోనూ విరిగే ఉంటుంది. కాలాన్ని బట్టి మారేది నూనె. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నూనె చిక్కబడి బెల్లంపాకం రంగులో మడ్డి అవుతుంది. ముక్కిపోయిన నూనెలో ఆమ్లం పెరుగుతుంది, అది ఇత్తడిని పట్టి చిలుము చేస్తుంది. మీ తూటాలు పచ్చబడటానికి ఒక కారణం ఆ నూనె గుడ్డే, రెండోది తోలు సంచి.

దానికి తోడు ఆయుధపూజ. ఏటా దసరాకి నాయనమ్మగారు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారన్నారు. తప్పనడం లేదండీ, మా ఇంట్లోనూ చేస్తాం. కానీ ఒకసారి మా తెలిసినవారి పాత పిస్టల్‌ని లైసెన్సున్న గన్‌స్మిత్ విప్పుతుంటే పక్కన కూర్చుని చూశాను. స్లైడ్ గాడిలోంచి చీపురుపుల్లతో ఆయన తీసింది ముందు గోధుమ రంగు మడ్డి, దాని కింద ఎర్రటి పొర. తుప్పేమో అనుకున్నాం. వేలి మీద రుద్ది వాసన చూస్తే కుంకుమ! ముప్ఫై దసరాల కుంకుమ. నూనెతో కలిసి లక్కలా గట్టిపడింది. అది తీసేశాక ఆ పిస్టల్‌కి ఒక్క భాగం కూడా మార్చలేదు, స్లైడ్ మామూలుగా ఆడింది. బొట్టు పెట్టాలనుకుంటే పెట్టె మీద పెట్టుకోండి.

అంటే మీ స్ప్రింగ్ బాగానే ఉందని హామీ ఇవ్వడం లేదు. వి స్ప్రింగ్ విరిగితే వంపు దగ్గరే విరుగుతుంది, ఆ వంపులో తుప్పు గుంట పడితే ఇంకా త్వరగా. కానీ శుభ్రం చెయ్యకుండా స్ప్రింగ్ పోయిందని ఎవరన్నా చెబితే అది ఊహ. ఆ బిళ్ళ మాత్రం మీరు విప్పకండి. పాతబడిన గట్టి రబ్బరు అది, స్క్రూ కాస్త బిగిసి ఉంటే వేడిపకోడీలా పెళ్ళున విరుగుతుంది. దాని కింద స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో కెలికితే కంటికి తగలొచ్చు.

హామర్ దానంతటదే పడటం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదే. మీరేమో నాలుగో వరుసలో మామూలుగా రాసేశారు.

హామర్ వెనక్కి వెళ్ళినప్పుడు దాని మెట్టులో ఒక చిన్న కొక్కెం పడుతుంది, దాన్ని సియర్ అంటాం. ట్రిగ్గర్ నొక్కితే ఆ కొక్కెం మెట్టులోంచి తప్పుకుంటుంది, హామర్ పడుతుంది. ఆ మెట్టు లోతు గోరు అంచంత కూడా ఉండదు. దాంట్లో మడ్డి నిండినా, కొక్కెం కొస అరిగినా, సియర్ స్ప్రింగ్ చచ్చినా కొక్కెం పైపైన ఆనుకుంటుందే కానీ పట్టుకోదు. స్లైడ్ మూసుకున్న అదురుకి జారిపోతుంది. ఖాళీ పిస్టల్‌లో అది టక్ అనే చప్పుడు. మ్యాగజైన్‌లో తూటాలుంటే స్లైడ్ వదిలిన క్షణంలో మీ వేలు ఎక్కడున్నా అది పేలుతుంది. అదృష్టం బాగాలేకపోతే ఒకటి పేలి ఆగదు, ఆ విసురుకే రెండోది, మూడోది కూడా.

నేను చూశాను. మా యూనిట్‌లో ఒక ఆఫీసరుగారు సొంత పిస్టల్, ఇలాగే తండ్రిగారి నుంచి వచ్చింది, చూడమని తెచ్చారు. లోడ్ చేసి చూపిస్తానని స్లైడ్ వదిలారు. మా షెడ్డులో ఇసుక పెట్టె ఉండేది, పిస్టల్ మొహం అటు పెట్టి చెయ్యమని మా ఉస్తాద్ ముందే గట్టిగా చెప్పాడు కాబట్టి గుండు ఇసుకలోకి పోయింది. ఆయన వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంది, నేను కళ్ళారా చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. విప్పితే సియర్ కొస గుండ్రంగా అరిగి ఉంది. ఎవరో అంతకుముందు ట్రిగ్గర్ తేలిగ్గా రావాలని ఆకురాయితో రుద్దారు. ఈ భాగాలకి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, పచ్చి పనసకాయ తొక్కలా. ఆ పొర పోయాక లోపల మెత్తటి ఇనుము. రుద్దిన రోజు బ్రహ్మాండంగా పని చేస్తుంది, కొన్ని పదుల రౌండ్లకే కొస కరిగిపోతుంది. అందుకే ఆకురాయి పట్టుకున్న ఎవరికీ మీ పిస్టల్ ఇవ్వొద్దంటున్నాను.

ఇలాంటిదే ఇంకో ప్రమాదం, ఫైరింగ్ పిన్. హామర్ కొడితే ఇది ముందుకి పోయి తూటా అడుగున పొడుస్తుంది, తర్వాత చిన్న స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. మడ్డి పట్టి అది ముందుకే అతుక్కుపోతే, స్లైడ్ మూసుకోవడంతోనే తూటా పేలొచ్చు. హామర్ పడటంతో సంబంధమే లేదు. కాబట్టి గన్‌స్మిత్ సియర్ బాగుచేశానని చెబితే ఫైరింగ్ పిన్ గొట్టం కూడా కడిగారా అని అడగండి. ఖాళీ పిస్టల్‌ని టక్కు టక్కుమని ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోవడం కూడా మంచిది కాదు, పాత పిన్నులు విరిగేది అలాగే.

మ్యాగజైన్ జారిపోవడం వీటి ముందు చిన్న విషయం. పిడి అడుగున ఉన్న కొక్కెం స్ప్రింగ్ బలహీనపడి ఉంటుంది, లేకపోతే మ్యాగజైన్ గాడి అరిగి ఉంటుంది. ఎవరన్నా పట్టకారుతో మ్యాగజైన్ పైఅంచులు వంచారేమో మాత్రం చూడమనండి. తూటా ఏ కోణంలో పైకి లేవాలో నిర్ణయించేది ఆ అంచులే, అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా అడ్డం పడుతుంది. వేరే కంపెనీ మ్యాగజైన్ రుద్ది సరిపెడతామంటే ఒప్పుకోవద్దు.

తూటాల సంగతి. పదకొండూ అప్పగించెయ్యండి. చిలుము గీకి, తుడిచి, ఒక్కటి పేల్చి చూద్దాం అనే ఆలోచన పెట్టుకోకండి. పాత తూటా అసలు పేలకపోతే ఇబ్బంది లేదు. సగం మందు తేమెక్కి, సగమే మండితే గుండు బారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు తుస్సుమంటుంది, పేలలేదనుకుని ఇంకోటి పేలుస్తారు, అప్పుడు బారెల్ కప్ప పొట్టలా ఉబ్బుతుంది, లేదా చేతిలోనే చీలుతుంది. కొన్నిసార్లు నొక్కాక క్షణం ఆగి పేలుతుంది, ఏమైందా అని ఈలోగా మొహం వైపు తిప్పి చూసుకునేవాళ్ళున్నారు. వాటిని కాలవలో పారెయ్యడం, చెత్తతో కలిపి తగలబెట్టడం అస్సలు వద్దు. లైసెన్సు పుస్తకంలో ఎన్ని కొన్నారో రాసి ఉంటుంది, లెక్క చెప్పాల్సింది మీరే.

.32 అన్న మాటతో ఇంకో తికమక ఉంది. మన దగ్గర .32 రివాల్వర్లూ ఉన్నాయి, .32 పిస్టళ్ళూ ఉన్నాయి. తూటాలు వేరు. పిస్టల్ తూటా గొట్టం 17 మిల్లీమీటర్లు, రివాల్వర్ లాంగ్ తూటా గొట్టం సుమారు 23. గుండు లావు దాదాపు ఒకటే కాబట్టి చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రేపు లైసెన్సు వచ్చి కొత్త తూటాలు కొనేటప్పుడు .32 ఇవ్వండి అనకండి, .32 ఆటో పిస్టల్‌వి అని అడిగి, డబ్బా మీద 7.65 అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఈ పిస్టల్ తూటాకి అడుగున చిన్న అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందిదాని అంచుకి ముందుండాలి. వెనక పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టుకుని కదలవు. చాలామంది పిస్టల్ జామ్ అవుతోంది అని తెచ్చేది ఇదే, పిస్టల్ తప్పు ఏమీ ఉండదు.

బారెల్ లోపల గుంటలు పడ్డాయేమో గన్‌స్మిత్ వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఆ రోజుల తూటాల అడుగున నిప్పు పుట్టించే క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు బారెల్‌లో మిగిలేది. మన వంటుప్పుకి చెల్లెలు లాంటిది, గాల్లో తేమని లాగుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకే మా ఉస్తాద్ ముందు మరిగే నీళ్ళు, తర్వాత ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె అనేవాడు. మీ తాతగారిలా ప్రతిసారీ నూనె మాత్రమే రాసినవాళ్ళ బారెల్స్ పైకి మెరుస్తూ లోపల మశూచి మచ్చల్లా ఉంటాయి. తేలికపాటి మచ్చలతో పిస్టల్ పనికొస్తుంది. లోపల ఉంగరంలా నీడ కనిపిస్తే మాత్రం అది ఉబ్బు, ఆ బారెల్‌తో ఒక్కటి కూడా పేల్చకూడదు.

లేత్ ఆయన మూడు వేల పాలిష్ గురించి. చట్టప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం రిపేరు చేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్ళు, యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. ఆయనకి ఈ సంగతి తెలిసి ఉండదు, మంచితనంగా ఒప్పుకుని ఉంటాడు. ఆయన్నెందుకు ఇరికించడం? ఇక పాలిష్. మా జిల్లాలోనే ఒక రైస్‌మిల్లు యజమాని తండ్రిగారి పిస్టల్‌కి వెండిరంగు కోటింగ్ వేయించారు. పనివాడు ముందు బఫ్ చక్రం మీద పెట్టి నున్నగా రుద్దాడు. పిస్టల్ పెళ్ళికొడుకులా తయారైంది, సీరియల్ నంబరులో రెండంకెలు మాయమయ్యాయి. నంబరు చెరపడం సెక్షన్ 8 కింద నేరం, అలాంటి ఆయుధం ఎవరి దగ్గరుంటే, కాదని రుజువయ్యేదాకా చెరిపింది వాళ్ళేనని చట్టం అనుకుంటుంది. ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు. మీ పిస్టల్ మీద నల్లరంగు అక్కడక్కడా పోయి బూడిదరంగు కనిపిస్తే కనిపించనివ్వండి.

లైసెన్సు మీ పేర వచ్చాక లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఇలా చెప్పండి: పూర్తిగా విప్పి కడగండి, ఏ భాగమూ రుద్దొద్దు, మార్చాల్సి వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యండి, తీసిన పాత భాగం నాకివ్వండి. ఆయన వి స్ప్రింగ్ విరిగిందంటే విరిగిన ముక్క చూపించమనండి. సియర్ విషయంలో మాత్రం బేరం ఆడొద్దు, అరిగిందంటే మార్చాల్సిందే, దొరక్కపోతే పిస్టల్ పేల్చడం మానుకోవాల్సిందే. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకునే వీల్లేదు కాబట్టి ఈ భాగాలు పుట్టడం కష్టం. పాడైన ఇంకో వెబ్లీ నుంచి తీసినవి డీలర్ దగ్గర దొరకాలి, లేదా ఆయన చేత్తో చెయ్యాలి. నెలలు పట్టొచ్చు.

తర్వాత ఇంట్లో ఉంచేటప్పుడు తోలు సంచిలో పెట్టకండి. తోలు మన ముసురుకి తేమ పీల్చుకుని ఇనుము మీదే కక్కుతుంది. పల్చటి నూలుగుడ్డకి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి తుడిచి, గుడ్డ తీసేసి, తాళం ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలు రెండు నెలలకోసారి మార్చాలి, వర్షాకాలంలో నెలకోసారి. తూటాలు వేరే తాళంలో. పెట్టె నేలమీద, గోడకి ఆనించి వద్దు, మళ్ళీ వరదొస్తే అందని ఎత్తులో ఉండాలి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటే ఇచ్చేముందు నూనె కొంచెం ఎక్కువే రాసి ఇవ్వండి, తిరిగి తెచ్చుకున్న రోజే తుడవండి. నాలుగైదు నెలలు అక్కడి అరలో పడి ఉండి తుప్పు పట్టి వచ్చినవి చాలా చూశాను.

కుడివైపు బిళ్ళ తీసిన రోజు కింద ఏముందో ఒక ఫోటో తీయించి పంపండి. ఒండ్రో, కుంకుమో, విరిగిన స్ప్రింగో నాకూ తెలుసుకోవాలని ఉంది.